వెనకద్దం మీద పిట్ట

సౌదీలో తబూక్ దగ్గర ఒక పొలంలో నేను పికప్ నడుపుతాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మట్టిదారుల్లో తిరిగితే వెనకద్దం మీద వేలితో రాసేంత దుమ్ము పడుతుంది. ఆ దుమ్మే మా అమ్మాయికి పనికొచ్చింది. హైదరాబాద్‌లో యానిమేషన్ చదువుతోంది. పరీక్ష కోసం ఓ చిన్న ప్రయోగాత్మక సినిమా తీయాలట.

"నాయనా, దినానికొక బొమ్మ గీసి ఫోటో పంపు. పిట్ట ఎగరాల, తిరగాల, ఆఖరికి కొమ్మ మీద వాలాల" అంది ఫోన్లో.

అరవై బొమ్మలు! అన్నీ కలిపితే ఐదు సెకన్లేనట. ఐదు సెకన్లకు రెండు నెలలా అని విసుక్కున్నాను. అయినా మర్నాడే, బండి ఎప్పుడూ ఒకేచోట ఆగాలని, చక్రాలు ఆనేలా రెండు ఇటుకలు పాతాను. ఎదురుగా డ్రమ్ము మీద ఫోను పెట్టి, రోజూ భోజనం వేళ గీసేవాణ్ణి. సాయంత్రం బండి కడిగేసేవాణ్ణి. ఇదంతా మా కఫీల్ కంట పడకుండానే. పొలం ఆయనది, వీసా ఆయనది, బండీ ఆయనదే. అది మురికిగా కనబడితే ఆయన నోటికి అడ్డూ అదుపూ ఉండదు.

యాభైతొమ్మిది బొమ్మలయ్యాయి. పిట్ట కొమ్మకు జానెడు దూరంలో ఉంది. అరవయ్యో రోజు పొద్దున వాన! ఎప్పుడో గానీ పడనిది, చూసి చూసి ఆ రోజే పడింది. మధ్యాహ్నానికి తెరిపి ఇచ్చింది గానీ అద్దం తళతళలాడుతోంది. మర్నాడే అమ్మాయి సినిమా ఇచ్చేయాలి.

"ఒక్క బొమ్మ తక్కువైతే పిట్ట యాడ వాలుతుంది నాయనా?" అంటూ ఏడుపు గొంతు పెట్టింది. ఫోను పెట్టేసి, మబ్బుల్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

వెనక నుంచి కఫీల్ గొంతు వినిపించింది. "వేన్ అస్ఫూర్?"

పిట్టేదీ అని అడుగుతున్నాడు! అంటే రెండు నెలలుగా రోజూ చూస్తున్నాడన్నమాట. నేను తడి అద్దం వైపు చెయ్యి చూపించాను. ఆయన లోపలికెళ్లి గిన్నెడు రొట్టెపిండి తెచ్చి, తన చేత్తోనే అద్దం మీద చల్లాడు. గీసెయ్యమన్నట్టు పక్కకి జరిగాడు. పిట్ట కొమ్మ మీద వాలింది. ఆయన పిండి చేతులతోనే చప్పట్లు కొట్టాడు.

వారం తర్వాత అమ్మాయి సినిమా పంపింది. ఇద్దరం నా ఫోన్లో చూశాం. చివర్లో పేర్లు పడ్డాయి. తన కాలేజీ కాగితాల్లో నా గురించి ఎప్పుడూ డ్రైవర్ అనే రాసేది. ఇక్కడ మాత్రం "బొమ్మలు: మా నాయన" అని వేసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కింద ఇంకో వరుస ఉంది. "పిండి: కఫీల్ మామ." అది చదివి చెబితే ఆయన సినిమా మళ్లీ మొదట్నుంచి వెయ్యమన్నాడు.