బంగారు తక్కెడలో కారు ఫ్లోటు

పోయిన నెల ప్రొద్దుటూరులో ఒక పెళ్లికి వెళ్లి, భోజనాలయ్యాక కల్యాణ మండపం మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాను, గుప్పున పెట్రోలు వాసన వచ్చింది. చూద్దును కదా, ఫోటోల కోసం అద్దెకు తెచ్చిన పాత తెల్ల అంబాసిడర్ ఒకటి పూలదండలు వేసుకుని నిలబడి ఉంది. డ్రైవరు బానెట్ ఎత్తి తల గోక్కుంటున్నాడు, చుట్టూ చేరిన పిల్లలు ముక్కులు మూసుకుని, పట్టుబట్టలకు మరకలవుతాయని దూరం జరుగుతున్నారు. నేను మాత్రం డెబ్బై దాటిన నా మోకాళ్ల సంగతి మరిచిపోయి గబగబా మెట్లు దిగి, ఆ వాసనను గుండెల నిండా పీల్చుకుని, "కార్బురేటరు పొంగుతాండాదప్పా, ముందు ఫ్లోటు తీసి చూడు" అన్నాను. మా మనవరాలు సిగ్గుతో నా కొంగు పట్టుకుని వెనక్కి లాగింది కానీ, లాగితే వచ్చే మనిషినా నేను!

నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, ఇప్పటి పిల్లల కోసం ఒక్క మాట. మన మిద్దె మీద నీళ్ల ట్యాంకులో బంతి తేలుతూ ఉంటుంది చూడండి, నీళ్లు నిండగానే అది పైకి లేచి గొట్టాన్ని మూసేస్తుంది. పాత కార్ల కార్బురేటరులోనూ అంతే, చిన్న గిన్నె ఉంటుంది, అందులో ఇత్తడి ఫ్లోటు తేలుతుంది, లోపల బోలుగా, కోడిగుడ్డు కన్నా చిన్నదిగా. పెట్రోలు నిండగానే అది లేచి దారి మూయాలి. లేవలేదో, పెట్రోలు పొంగి బయటికి కారుతుంది, ఇంజను మునిగిపోతుంది. బంగారు పని చేసే ఇంట్లో పుట్టిన దానికి ఇదంతా ఎలా తెలుసంటే, దాని వెనుక నా కాపురం కథ ఉంది.

మా నాయనకు ప్రొద్దుటూరు బజారు వెనుక సందులో బంగారు పని. నా చిన్నతనమంతా కుంపటి పక్కనే గడిచింది, గురిగింజలతో ఆడుకున్నదానికంటే వాటితో తూచడం చూసిందే ఎక్కువ. నేను పెళ్లి చేసుకున్నది మా అమ్మ తమ్ముణ్ణి. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే మా ఇంట్లోనే పెరిగి, మా నాయన దగ్గరే పని నేర్చుకున్నాడు. చేయి మంచిదని మా నాయన నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాడు. అలాంటి మనిషి ఒకరోజు ఊదుగొట్టం కింద పెట్టి, జమ్మలమడుగులో ఒక ఉస్తాదు షెడ్డులో ఇంజన్లు విప్పడానికి వెళ్లిపోయాడు. అది చాలదన్నట్టు, మా పెళ్లయిన ఏడాదికి ఒక పాత అంబాసిడర్ బేరానికి వస్తే, మా నాయన తన చేత్తో చేసి నాకు పెట్టిన గాజులు తీసి నేనే మా ఆయన చేతిలో పెట్టాను. అడగలేదాయన, నేనే ఇచ్చాను, ఇప్పుడైనా ఇస్తాను. "నేను జేసిన గాజులు టైర్లయి మట్టిలో పొర్లుతాండాయి" అన్నాడట మా నాయన. ఆ తర్వాత మా గడప తొక్కలేదు, మా ఆయనతో మాట్లాడనూ లేదు. మా అమ్మ మాత్రం మధ్యలో ఇద్దరి కోసమూ నలిగిపోయింది.

ఇక ఆ రోజు. జమ్మలమడుగులో మా ఎదురింటి అమ్మాయికి పులివెందుల సంబంధం. పెళ్లికూతురిని మా కారులోనే తీసుకుపోవాలి, సూర్యుడు వాలకముందే మగపెళ్లివారి ఊరు చేరాలి. బండి కొన్నాక మాకు వచ్చిన మొదటి పెళ్లి అది. మా ఆయన రెండు రోజులుగా నిద్రపోలేదు, నేనూ పోనివ్వలేదు. కారుకు పూలు, రిబ్బన్లు కట్టించుకు రావడానికి పొద్దున్నే ఇద్దరమూ ప్రొద్దుటూరు బయలుదేరాము. దారి పొడవునా బండి దగ్గుతూనే ఉంది, వెనుక నల్లటి పొగ. సరిగ్గా పూల అంగడి ముందు, మల్లెలూ బంతులూ కట్టించుకున్నాక, మళ్లీ స్టార్టు చేయబోతే ఒక్క గురక పెట్టి ఆగిపోయింది. కింద చూస్తే టపటపా పెట్రోలు చుక్కలు.

మా ఆయన చొక్కా చేతులు మడిచి దిగాడు. ప్లగ్గులు విప్పితే తడిసి ముద్దయి ఉన్నాయి, తుడిచి ఆరబెట్టి బిగించాడు, మళ్లీ తడిశాయి. పెట్రోలు దారిలో నలుసు అడ్డం పడిందేమోనని, ఫ్లోటు లేచినప్పుడు ఆ దారిని మూసే సూదిని తీసి కడిగాడు, ఊదాడు, స్పానరు పిడితో గిన్నెను మెల్లగా తట్టాడు. లాభం లేదు. ఫ్లోటు తీసి చెవి దగ్గర ఊపాడు, లోపల చప్పుడు లేదు. అంటే చిల్లి లేదు. రెండు రోజుల కిందటే చిల్లి పడితే షెడ్డులో తానే అతికించాడు కదా, మరి చిల్లి ఎక్కడుంటుంది? ఎండ ఎక్కుతోంది, బంతిపూలు వాడుతున్నాయి, పోయేవారందరూ తలా ఒక సలహా ఇస్తున్నారు. చెమటతో, గ్రీజుతో మా ఆయన ముఖం చూడలేకపోయాను. ఆ పిల్లను ఎద్దుల బండిలో పంపించాల్సి వస్తే మేము జమ్మలమడుగులో తలెత్తుకోలేము, ఆ మాట మా నాయన చెవిన పడితే బతికినంత కాలం వినాలి.

అప్పుడు ఊరికే, చేతిలో ఏదో ఒకటి ఉండాలని, ఆ ఫ్లోటును తీసుకుని అరచేతిలో ఆడించాను. ఆడించానంతే, చేతికి తెలిసిపోయింది! చిన్నప్పటి నుంచి మా నాయన దాచమని ఇచ్చే ఉంగరాలూ కమ్మలూ అరచేతిలో ఆడించి ఎంత బరువో చెప్పడం నాకు ఆట. "మామా, ఇది శానా బరువుండాది" అన్నాను. మామేమిటంటే, చిన్నప్పటి పిలుపు, పెళ్లయినా మారలేదు. ఇత్తడి బరువుండక దూదిలా ఉంటుందా అని ఆయన విసుక్కున్నాడు. నేను వింటేగా! పనిముట్ల డబ్బా బోర్లించి, అడుగున పడి ఉన్న అదే రకం పాత ఫ్లోటు తీశాను. ఉస్తాదు షెడ్డులో ఒక బండి కింద పడి నలిగిన దాన్ని పారేయకుండా మా ఆయన దాచుకున్నది. నలిగితేనేం, బరువు ఎక్కడికి పోతుంది? ఒక చేతిలో అది, ఒక చేతిలో ఇది పెట్టి ఆయన ముందు చాచాను. ఆయన రెండూ తీసుకుని ఎత్తి చూసి, కళ్లు మూసుకున్నాడు. షెడ్డులో అతికించినప్పుడు, మళ్లీ చిల్లి పడకూడదని సీసం మందంగా, పుండుకు పట్టీ వేసినట్టు వేశాడు. బరువెక్కి ఫ్లోటు పైకి తేలడమే మానేసింది. బంగారు పనిలో అతుకుకు పెట్టే టంకం వెంట్రుకంత కూడా ఎక్కువ కాకూడదని నేర్చుకున్న చేయి చేసిన తప్పు అది.

పాతదాని బరువుకు దిగేదాకా ఆ సీసం అరగదీయాలి. అంత సన్నంగా తూచే తక్కెడ ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ఆయన కదల్లేదు. నేను ఫ్లోట్లు రెండూ కొంగున కట్టుకుని నడిచాను. సందు మలుపు తిరిగేసరికి వెనుక ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది.

మా నాయన మమ్మల్ని చూసి తల దించుకుని పనిలో పడ్డాడు. నేను కొంగు ముడి విప్పి ఫ్లోట్లు రెండూ ఆయన ముందు పెట్టాను. బంగారమైనా ఇత్తడైనా ముందుకొచ్చిన వస్తువును పట్టుకోకుండా ఉండలేడు పాపం, పట్టుకున్నాడు. తక్కెడ తీశాడు, ఒక చిప్పలో నలిగినదీ, రెండో చిప్పలో మాదీ పెట్టాడు. మాది దబ్బున కిందికి దిగింది. మా నాయన అతుకు మీద వేలితో రాసి, మా ఆయన వంక చూడకుండానే, "ఇంజన్లు నేర్చుకుంటివి సరే, తూకం మర్చిపోతివి కదరా" అన్నాడు. "మర్చిపోలా బావా, గుర్తు చేసేవాళ్లు లేకపాయె" అన్నాడు మా ఆయన. ఎన్నాళ్లకు విన్నాను ఆ బావా అనే మాట! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మా నాయన ఆకురాయి తీసి ఆయన ముందుకు తోశాడు. మా ఆయన బాసింపట్టు వేసి పాత చోటే కూర్చున్నాడు. రాపాడే ముందు ఇద్దరి చేతులూ ఒకేసారి గుడ్డ కోసం వెళ్లాయి, రాలే రజను పోకుండా కింద పరచడానికి. పరిచాక గానీ తెలియలేదు, రాలేది బంగారం కాదు, సీసమని! మా అమ్మ తలుపు చాటున నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. కొంచెం రాపాడడం, తూచడం, మళ్లీ రాపాడడం. చివరికి చిప్పలు రెండూ గాలిలో ఊగుతూ నిలబడ్డాయి. ముల్లు అటూ ఇటూ ఆడుతుంటే, ఊపిరి తగిలితే కదులుతుందని ఇద్దరూ ఊపిరి బిగబట్టి, భుజానికి భుజం ఆనించి చూస్తూ కూర్చున్నారు. ముల్లు మధ్యలో నిలిచింది.

వేడినీళ్లలో ముంచితే ఒక్క బుడగైనా రాలేదు, అతుకు గట్టిగానే ఉంది. పరుగున వెళ్లి బిగించాము. ఒక్క తిప్పుకు బండి అందుకుంది! పూల అంగడివాళ్లు చప్పట్లు కొట్టారు. డోరు తీసి చూస్తే, మా వెనకే ఎప్పుడొచ్చాడో, ముందు సీటులో మా నాయన, ఒళ్లో తక్కెడ పెట్టె. "దోవలో మళ్లా పొంగితే? పా, పా, పొద్దుపోతాండాది" అన్నాడు, ఎవరో పిలిచినట్టు. జమ్మలమడుగులో పెళ్లికూతురిని ఎక్కించుకుని ముద్దనూరు మీదుగా పోయాము. దారి పొడవునా మా నాయన ఇంజను చప్పుడుకు చెవి ఒగ్గి, మా ఆయనను అది ఏంది, ఇది ఏంది అని చంపుకు తిన్నాడు. పులివెందుల చేరేసరికి ఇంకా ఎండ ఉంది. పెళ్లికూతురి కంటే మేమే ఎక్కువ మురిసిపోయామేమో!

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. పోయిన నెల పెళ్లి దగ్గర ఆ డ్రైవరు నా మాట విని ఫ్లోటు తీసి ఊపితే, లోపల పెట్రోలు గలగలమంది. "ఈడ అతికించేటోళ్లు ఎవురన్నా ఉండారా అవ్వా?" అని అడిగాడు. మనవరాలు వద్దంటున్నా వినకుండా, ఉత్సాహంగా మా నాయన సందుకు తీసుకుపోయాను. కుంపట్లు లేవు, అద్దాల అంగళ్లు ఉన్నాయి. ఒక దాంట్లో కూర్చున్న అమ్మాయి మంచిది, మా ముచ్చట కాదనలేక పనివాడితో ఫ్లోటు అతికించి, నేను తూచమంటే కరెంటు తక్కెడ మీద పెట్టింది. పెట్టీ పెట్టకముందే అంకె వచ్చేసింది. తప్పు పట్టను, మంచిదే, పని తొందరగా అవుతుంది. కానీ మా నాయనా, మా ఆయనా మళ్లీ మొదటిసారి పక్కపక్కన కూర్చున్నది ఆ ముల్లు నిలవడానికి పట్టిన కాసేపట్లోనే. ఆ కాసేపు లేకపోతే వాళ్లు ఎప్పుడు కూర్చునేవాళ్లో, అసలు కూర్చునేవాళ్లో లేదో, నాకు తెలియదు.