నీల్లు అని రాసింది నేను కాదు

నాకు యాభై దాటాక అక్షరాలు నేర్పింది నా మనవరాలే. అప్పుడది ఐదో తరగతి. పలక మీద నా చెయ్యి పట్టుకుని దిద్దించింది. అన్నీ వచ్చాయి గానీ ‘ళ’ మాత్రం నాకు లొంగలేదు. ఇప్పటికీ ‘నీళ్లు’ రాయబోయి ‘నీల్లు’ అనే రాస్తాను. అది నవ్వుతుంది.

ఇప్పుడది డిగ్రీ చదువుతోంది. మొన్నామధ్య జపానువాళ్ల బొమ్మల కథ ఒకటి తెచ్చుకుంది. ఇంగ్లీషు నాకెందుకు, బొమ్మలు చాలనుకుని అట్ట తిప్పాను. తిప్పగానే ఒక కుర్రవాడు, ఏడుస్తున్న తల్లి ఎదుట నిలబడి నవ్వుతున్నాడు.

“అవ్వా, అది చివరి పేజీ! వాళ్లు కుడి నుంచి చదవతారు” అని లాక్కుని, కథ చెప్పింది.

వాడు చదువులో దేశానికే ఫస్టట. ఎవరి చేతిరాతనైనా అచ్చంగా దించేస్తాడట. మొదట చెడ్డవాళ్ల రాతతో దొంగ ఉత్తరాలు పుట్టించి వాళ్లను జైలుకు పంపాడు. తర్వాత తనను అనుమానించినవాళ్లను. ఆఖరికి కన్నతల్లిని.

“జీనియస్ అవ్వా వాడు!”

“తూ! తల్లిని తిన్నోడికి తెలివేందే? మన వాకిట్లో కుక్క మేలు.”

“నీకు తెలీదులే. చెడ్డోళ్లకు అట్టనే చెయ్యాల.”

మొదటి పేజీ చూపించింది. రాజకుమారుడిలా ఉన్నాడు. చివర చూసిన కళ్లతో మొదలు చూస్తే ఆ అందమే ఎక్కువ రోత పుట్టించింది.

వారం తిరక్కుండానే, మా వీధి మొగలో చేపలమ్మే ఆమె వాకిట్లోకి వచ్చి గంపలో చేపలన్నీ కుమ్మరించింది.

“నీకేం ద్రోహం చేసినా అత్తా? మూడు దినాలుగా ఒక్కరు కొన్లా. నువ్వు రాసినావంటే నిజమేనంట!”

నేనేం రాశాను? ఫోను తీసి వేలు పెట్టి చదివాను. ఊరి ఆడవాళ్ల గ్రూపులోకి నా ఫోను నుంచే వెళ్లింది: ‘వీధి మొగలో దాని చాపలు కొనబాకండి. చెడిపోకుండా మందు నీల్లు చల్లతాది.’

నీల్లు. అది నేను రాసే తప్పు. నాచేత దిద్దించిన పిల్లకు తప్ప అంత బాగా ఎవరికి తెలుసు? లోపలికెళ్లి మనవరాలి ముందు ఆ ఫోను పెట్టాను.

“పోయిన నెల చెడిపోయిన వంజరం అంటగట్టింది గదా. అమ్మకు వాంతులైనాయి. బుద్ధి రావద్దా?” అంది, తల కూడా ఎత్తకుండా.

“ఆ చాప దాని మొకాన కొట్టి రావాల. మందని అబద్ధమెందుకే? నా పేరెందుకే?”

“నువ్వు చెప్తే నమ్ముతారని.” కొంచెం నవ్వింది కూడా.

అక్కడే కూర్చుని ఒక్కో అక్షరం వెతికి రాశాను: ‘అది నేను రాయలా. నా మనవరాలు రాసింది. మందు మాట అబద్దం.’

“నా మాట ఎత్తబాకవ్వా, కాలేజీలో తలెత్తుకోలేను” అని కాళ్లు పట్టుకుంది. అయినా పంపాను.

మర్నాడు పొద్దున్నే ఆ గంప పక్కన నేనూ కూర్చుని, వచ్చేపోయేవాళ్లను పిలిచాను. నలుగురైదుగురు కొన్నారు. అందులో ఒకామె సంచి చాపుతూ, “నువ్వే రాసి, పిల్ల మీద తోసినావంట గదా పెద్దమ్మా?” అంది.

మనవరాలు నాలుగడుగుల దూరంలో కాలేజీ బస్సు కోసం నిలబడి ఉంది. వింది. నా వైపు చూసింది. బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయింది.