పోట్లాడని కొర్రమీను

గాలం పిచ్చి నాకు ఎనిమిదో ఏట పట్టుకుంది. అరవై దాటినా వదల్లేదు. ఉద్యోగం, పెళ్ళి, మోకాళ్ళ నొప్పులు, అన్నీ దాని తరవాతే. కాలువ గట్టున బెండు వంక చూస్తూ కూర్చున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "మీకు నాకన్నా ఆ కాలవే ఎక్కువ" అని మా ఆవిడ దెప్పుతుంది. చేపల సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదని ఒక పొగరు కూడా ఉండేది.

నిరుడు మిరప పూత మీదున్న రోజుల్లో, ఒక ఉదయం గంట తిరక్కుండానే మూడు కొర్రమీనులు పడ్డాయి. గాలానికి తగిలిన కొర్రమీను కర్ర విరిగేంత పోట్లాడుతుంది. ఒడ్డున పడేసినా చాలాసేపు ఎగిరెగిరి పడుతుంది. ఇవి తడిగుడ్డల్లా పైకొచ్చాయి. బకెట్లో వేస్తే కదల్లేదు. మనసు కీడు శంకించింది. కానీ ఒక్క పొద్దులో మూడు కొర్రమీనులు! ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడ చేతిలో పెట్టాను. "పులుసు పెట్టు. నాకోసం చూడకు, వేడిగా ఉండగానే తినెయ్" అని చెప్పి మళ్ళీ బండెక్కి గట్టుకు వచ్చేశాను.

మధ్యాహ్నం దాటాక, వీపున స్ప్రేయరు వేసుకుని పోతున్న కౌలురైతు ఒకతను నన్ను చూసి ఆగాడు.

"బాబాయ్, ఈ కాలవ చేపలు తినబాకండి. మిరపకి మందు కొట్టినోళ్ళు పొద్దున్నే పైన తూము కాడ డ్రమ్ములన్నీ కాలవలోనే కడిగారు. అయి మత్తెక్కి తేలతన్నాయ్."

ఇంటికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. గాలం అక్కడే పారేసి బండి దగ్గరికి పరిగెత్తాను. దారి పొడుగునా దేవుణ్ణి తలుచుకోలేదు. ఫోన్ ఎత్తనందుకు ఆమెను తిట్టుకుంటూనే వెళ్ళాను. నాకు భయమేస్తే ముందు కోపమే వస్తుంది.

వంటింట్లో కంచం నిండా ముళ్ళున్నాయి. ఆమె మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. కుదిపితే కళ్ళు తెరిచింది. కళ్ళు తిరుగుతున్నాయంది, నోట్లో నీళ్ళూరుతున్నాయంది. మాట ముద్దగా వచ్చింది. ఆటోలో పర్చూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు కళ్ళలో టార్చి వేసి చూసి, ఇంజెక్షన్ చేసి, సెలైన్ పెట్టించి, సాయంత్రం దాకా ఏమీ చెప్పలేనన్నాడు. అప్పటిదాకా ఆమె ఛాతీ లేచి పడటమే చూస్తూ కూర్చున్నాను. ఒక్క ఊపిరి ఆలస్యమైతే నర్సును కేకేసేవాణ్ణి. అంత భయం నా బతుకులో ఎన్నడూ ఎరగను.

ఎండ తగ్గే వేళకి ఆమె తేరుకుంది. ఇక ఫర్వాలేదన్నాడు డాక్టరు. ఆమె నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది:

"కడిగేటప్పుడే అదో రకం వాసన కొట్టిందండీ. మీరు తెచ్చినవి కదా, చూసే ఉంటార్లే అనుకున్నా."

చూశాను. చూసి కూడా తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆ మాట ఇంతవరకూ ఆమెతో అనలేకపోయాను.