దారం కొరికే పన్ను

దిల్‌సుఖ్‌నగర్‌లో బ్లౌజులు కుడతాను. పక్కనే కత్తెర ఉన్నా, హుక్కు కుట్టాక దారాన్ని పంటితోనే తెంపేదాన్ని. మా పనిలో అందరూ అంతే. కత్తెర వెతికేలోపు ఇంకో హుక్కు కుట్టేయొచ్చు.

పోయిన ఏడాది పై వరసలో ముందు పన్ను కదలడం మొదలుపెట్టింది. పక్క పంటికి ఎడంగా జరిగి, కాస్త ముందుకు కూడా వచ్చింది. నాలుక ఊరుకుంటుందా, పొద్దస్తమానం దాన్ని తోస్తూనే ఉండేది. నాకు నవ్వడమంటే ఇష్టం, అదీ గట్టిగా. ఈ వయసుకే ముందు పన్ను ఊడిపోతుందంటే ఏడుపొచ్చింది.

"కదిలిన పన్ను నిలుస్తదా? పీకిచ్చుకో, పీడ పోతది" అంది మా అత్తమ్మ. ఆవిడ అలాగే ఒక్కొక్కటీ పీకించుకుంది. ఇప్పుడు బోసినోటితో అన్నం మెత్తగా పిసుక్కుని తింటోంది. కట్టుడు పళ్ళు పెట్టిస్తే డబ్బాలో దాచింది.

పీకించుకోవడానికే ఎల్‌బీ నగర్‌లో మా ఇంటి దగ్గరి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమెది గుంటూరు వైపు. ఎక్స్‌రే తీసి, చిగుళ్ళు నొక్కి, "ఎముక బాగానే ఉందండీ, మరెందుకు కదులుతోందో" అని ఆలోచనలో పడింది. తర్వాత ఏ పన్ను ఎక్కడ ఆనుతోందో గుర్తు పడే నీలం కాగితం ఒకటి పళ్ళ మధ్య పెట్టి, "కొరకండి" అంది.

కొరికాను. కింది దవడ ముందుకు తెచ్చి, కొంచెం పక్కకు లాగి, టక్కున తెంపి ముక్క ఆమె చేతిలో పెట్టాను.

డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. "పళ్ళు కలపమన్నానండీ, తెంపమనలేదు! రోజూ ఏం తెంపుతారేంటి?"

దారం సంగతి చెప్పాను.

"అదన్నమాట! బరువు నిలువుగా పడితే పన్ను ఓర్చుకుంటుంది. మీరేమో రోజంతా దాన్ని ముందుకు తోస్తున్నారు. తోయడం ఆపితే మళ్ళీ బిగుసుకోవచ్చు. అప్పుడే పీకొద్దు" అంది. కదిలే పంటికి కొట్టుకుంటున్న కింది పంటి అంచును కాస్త అరగదీసింది.

దారం కొరకడం బంద్. అంత తేలికా! హుక్కు పూర్తవగానే తల దానంతటదే వంగేది. నన్ను నేనే తిట్టుకునేదాన్ని. చివరికి కత్తెరను తాడుకు కట్టి మెడలో వేసుకున్నాను. చూసినవాళ్ళు నవ్వితే నవ్వారు.

వానాకాలానికి పన్ను బిగిసింది. ఎడం కొంచెం మిగిలింది, ఉండనీ. డాక్టరమ్మ వేళ్ళతో పట్టి ఊపి, "కదలట్లేదండీ, ఇక అన్నీ తినండి. దారం తప్ప" అంది. దారిలో కాల్చిన మక్కకంకి కొన్నాను. ఇంటికొచ్చి అత్తమ్మ పక్కన కూర్చుని ముందు పళ్ళతోనే కొరికాను. ప్రాణం లేచొచ్చింది.

"చూడు అత్తమ్మా, కదుల్తలేదు!"

ఆవిడ వేలితో నా పన్ను నొక్కి చూసింది. "మంచిగైంది బిడ్డా" అంది. అదే వేలితో తన చిగుళ్ళు తడుముకుంటూ, "నావి గూడ గిట్లనే కదిలినయి. జర ఆగితే నిలుస్తుండెనేమో గదా?" అని అడిగింది.

"ఏమో అత్తమ్మా" అన్నాను.

"పోనీ తియ్, నీదన్న ఉన్నది. తిను" అంది.

తిన్నాను. కాకపోతే, చప్పుడు కాకుండా.