ఆ గేటు తోసి చూడమన్నది నేనే

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నడిచేవాడికి వీపు సంచి దించుకునే చోటు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దీన్ని దించే చోటు నాకు దొరకలేదు. ఇంట్లో చెప్పలేదు. మిత్రులకు చెప్పలేదు. మీ ముఖం నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను.

మొయినాబాద్‌లో ఇల్లు కట్టుకున్న కొత్తలో, సెలవు రోజుల్లో చేవెళ్ల వైపు పొలాల వెంట తిరిగి, ఆ కాలిబాటల మీద చిన్న పుస్తకం రాశాను. దారి అడగడానికి కూడా మొహమాటపడే మనిషి దారుల మీద పుస్తకమేమిటని మా ఆవిడ నవ్వేది. మా నడక బృందానికి మాత్రం అదే ఆధారం. అందులో నాకు బాగా ఇష్టమైన దారి సురంగల్ దగ్గర ఒక మామిడితోట గుండా పోయేది. గేటు తోసుకుని వెళ్లండి, ఎవరూ ఏమీ అనరు అని రాశాను. అప్పటికి నిజమే. తర్వాత తోట చేతులు మారి ఫామ్‌హౌస్ అయింది.

పుస్తకం పాతబడిందని, కొత్త కూర్పు వేద్దామని బృందంలో మాట వచ్చింది. ఆ పని కిరణ్ తీసుకున్నాడు. ఐటీ ఉద్యోగి, మా గుంటూరు వైపువాడే. నన్ను గురువుగారూ అనేవాడు. ఆదివారాలు తిరిగి ఒక్కో దారీ సరిచూసి, నా మామిడితోట దారిని కొట్టేశాడు. గేటు మూసి ఉంది, రోడ్డు మీదుగా చుట్టి వెళ్లాలి అన్నాడు. అందరి ముందూ నా పేజీ మీద ఎర్రగీత. ఎందుకంత మండింది నాకు? అతను తప్పు రాసి ఉంటే అంత మండేది కాదేమో.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఆ ఫామ్‌హౌస్ కాపలాదారు దావీదు, సురంగల్ మనిషి, అంతకుముందే నన్ను గేటు దగ్గర ఆపి హెచ్చరించాడు. "ఆదివారం ఓనరు సార్లు వస్తరని కుక్కల కట్టేస్త సార్. మిగతా దినాలల్ల ఇడిచిపెడ్త. మీ నడిశెటోళ్లకు జర చెప్పుండ్రి." మరి తాళం వెయ్యవా అన్నాను. "గంత గంత కుక్కలుండంగ తాళమెందుకు సార్!" అని నవ్వాడు.

నేనెవరికీ చెప్పలేదు. పైగా టీకొట్టు దగ్గర బృందమంతా ఉండగా కిరణ్‌తో అన్నాను: "గొళ్లేనికి భయపడి పుస్తకం మార్చేస్తావా? ఆదివారం కాదయ్యా, మామూలు రోజు సెలవు పెట్టి వెళ్లు. తోసి చూడు. అప్పుడు పాతది ఉంచాలో కొత్తది వెయ్యాలో తేల్చుకుందాం." అందరూ నవ్వారు. కిరణ్ కూడా నవ్వి, "అలాగే గురువుగారూ" అన్నాడు.

మామూలు రోజు. ఆ మాట నోరు జారలేదు. ఏరి తీసిన మాట. మరీ అంత జరుగుతుందనుకోలేదని నాకు నేను ఎన్నిసార్లో చెప్పుకున్నాను. మరి ఎంత జరుగుతుందనుకున్నాను? అతను గోడెక్కి కేకలు పెడితే, వచ్చే ఆదివారం టీ తాగుతూ చెప్పుకుని నవ్వుదామనుకున్నాను. కుక్కలకు నా అంత హాస్యప్రియత్వం లేదు.

కిరణ్ వెళ్లాడు. పిక్క కండ పోయింది. ఇప్పటికీ కుంటుతాడు. కాలిబాటలు రాసినవాణ్ణి, ఒకడి నుదుట కాలి బాధ కూడా రాశాను. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "నాదే తొందర గురువుగారూ, అడిగి వెళ్లాల్సింది" అన్నాడు. "చూసుకోవాలి కదా కిరణ్" అన్నాను. అన్నాను.

గేటుకు తాళం వెయ్యలేదని దావీదును పనిలోంచి తీసేశారు. చేవెళ్ల బస్టాండులో నన్ను చూసి పరుగున వచ్చాడు.

"సార్, మీకు ముందుగాలనే చెప్పిన గద. గా ఒక్క మాట ఓనరుతోని అనుండ్రి. మల్ల పనిల పెట్టుకుంటడు."

"నాకెప్పుడు చెప్పావు దావీదూ? గుర్తు లేదే."

"గట్లనా సార్. మా అవ్వ మంచంల ఉన్నది, ఆమెకే అన్ని యాదికున్నయ్. మీకేమైంది సార్?"

నేను బస్సు కోసం చూస్తున్నట్టు నటించాను. నాది కారు.

కిరణ్ ఇక అంతంత దూరాలు నడవలేడు కనుక కొత్త కూర్పు నేనే పూర్తి చేశాను. మామిడితోట దారిని నా చేత్తోనే తీసేశాను. ముందుమాటలో అతనికి కృతజ్ఞతలు రాస్తే, చదివి ఫోన్ చేసి ఏడ్చాడు. ఆ రెండో ముద్రణ తర్వాత నాకు మొదటి నిద్ర కూడా సరిగా లేదు.

ఇప్పటికీ కొందరు అడుగుతారు, పాత పుస్తకం ఉంది, కొత్తది కొనాలా అని. కొనండి, దారులు మారాయి అంటాను. అంతకుమించి అడిగినవాళ్లు లేరు.

దావీదు నాకు చెప్పాడు. కుక్కలు వదిలి ఉంటాయని తెలిసే కిరణ్‌ను పంపాను. తెలిసే దావీదు పని పోనిచ్చాను. ఇది వాళ్లిద్దరికీ చూపించే ధైర్యం ఈరోజుకీ లేదు. కానీ రాశాను, మీరు చదివారు. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక కూడా నాకు దక్కాల్సింది కాదు.