నాయన చిగురు పూడేదాకా

ఆ వేసవిలో నాయన ఒకచోట కుదురుగా కూచోలేదు. ఆయన నాదస్వరం వాయించేవాడు. చిత్తూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళే మాకు కూడు. సరిగ్గా ముహూర్తాల ముందు ఆయన పైవరస ముందుపన్నుకు చీము పట్టింది. పళ్ళ డాక్టరు దాన్ని పీకేసి, "చిగురు పూడేదాకా ఊదవద్దు" అన్నాడు.

ఊదకుండా ఉండడం నాయనకు చేతకాదు. పొద్దున లేస్తూనే బస్టాండు దాకా నడిచేవాడు, తిరిగొచ్చేవాడు, మళ్ళీ చెప్పులేసుకునేవాడు. నాలుక ఊరికే ఆ గుంటలోకే పోయేది. తిరుపతిలో జువాలజీ చదువుతూ సెలవులకు వచ్చిన నాకూ నిలకడ లేదు. పూటపూటకీ టార్చిలైటు వేసి ఆయన నోట్లోకి చూసేదాన్ని.

"ఎట్లుండాది మే?"

"ఇంకా ఎర్రగానే ఉండాది నాయనా."

"నిన్న కూడా అదే చెప్తివి!"

మా లెక్చరరు క్లాసులో చెప్పింది ఆయనకు చెప్పాను. ఒంట్లో ప్రతి కణమూ తనలో పాతబడిన ముక్కల్ని తానే అరిగించుకుని, ఆ సరుకుతోనే కొత్తవి కట్టుకుంటుందని. పుండు మానేటప్పుడూ ఆ పని జరుగుతుండొచ్చని, అదెట్లాగో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలీదని. నాయన నడక ఆపి విన్నాడు.

"అంటే, నన్ను నేనే తింటా ఉండానా?"

"పాడైపోయినదాన్నే నాయనా."

"అయితే బిరీన తినమను. సత్యవేడులో ఒప్పుకున్న పెళ్ళి దగ్గరికొస్తా ఉండాది."

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో ఒక్క స్వరం లేచి తెగిపోయింది. పరుగెత్తాను. నాదస్వరం చేతపట్టుకుని నిలబడి ఉన్నాడు, గడ్డం మీద నెత్తురు. కొత్తగా పట్టిన పొర చినిగిపోయింది. అమ్మ ఏడుస్తూనే తిట్టింది.

సత్యవేడుకు వేరే మేళం పోయింది. ఆరోజంతా నాయన ఇంటికి రాలేదు. యాడ తిరిగినాడో ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత మాట విన్నాడు. గంజన్నం తాగి, ఉప్పునీళ్ళు పుక్కిలించి, వాకిట్లోనే పచార్లు చేశాడు. మెల్లగా గుంట అంచులు దగ్గరయ్యాయి, చిగురు లేత గులాబిరంగుకు తిరిగింది. డాక్టరు సరేనన్నాక ఊదితే నెత్తురు రాలేదు. కానీ పన్ను లేని సందులోంచి గాలి పోయింది. స్వరం చీలింది. నాదస్వరాన్ని విసిరేస్తాడేమోనని దగ్గరికి పోయాను.

"నోరు మారిపోయినాది మే. దీనికి మొదట్నించీ నేర్పించాల," అని సరళీ స్వరాలు ఎత్తుకున్నాడు.

శ్రావణంలో ఐరాలలో పెళ్ళికి వాయించాడు. పైస్థాయిలో స్వరం రవ్వంత గరుకుగా పలికింది. పందిట్లో కూచోలేక, నేను బయట అటూ ఇటూ నడుస్తూనే చివరిదాకా విన్నాను.