ఎడమ సీటు బెల్టు

రావల్‌కోల్ పద్మమ్మ పోయి నెల దాటింది. ఆమెను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తిప్పిన తెల్లకారు వాకిట్లోనే ఉంది. నాలుగేళ్లు దాన్ని నడిపిన పర్వతాలుకు జీతం కూడా ఇంకా నడుస్తోంది. అది కారు ఉన్నన్నాళ్లే. పద్మమ్మ కొడుకు భాస్కర్ ఆ సంగతి దాచలేదు.

"అమ్ముడుపోతే ఇగ నీకు పనిలేదు పర్వతాలూ. నెలాఖరు దాక ఎవలు కొనకుంటే మా బిడ్డ భవిత కాలేజీకి పెట్టుకుంటం. అప్పుడు నువ్వే తోలుతవ్."

పర్వతాలుకు యాభై ఆరేళ్లు. శామీర్‌పేట చెరువులో వల వేసి పెరిగినవాడు. చల్లనీళ్లలో నిలబడి నిలబడి మోకాళ్లు పట్టేస్తే, వల తమ్ముడి చేతికిచ్చి నలభై దాటాక స్టీరింగ్ పట్టాడు. ఈ నెలలో రెండిళ్లలో పని అడిగాడు. ఒకచోట అతని కళ్లద్దాల వైపు చూసి ఊరుకున్నారు. ఇంకోచోట ఫోన్లో దారి చూడటం వచ్చా అన్నారు.

నెలాఖరుకు ఆరు రోజులుందనగా తూంకుంటలో మందుల దుకాణం నడిపే మహేష్ కారు చూడటానికి వచ్చాడు. ఇంజను విన్నాడు. టైర్లు తన్ని చూశాడు. అన్నీ నచ్చాయి. చివర్లో ముందు ఎడమ సీటు బెల్టు లాగి వదిలాడు. అది లోపలికి పోలేదు. చచ్చిన పాములా తలుపు సందులోకి వేలాడింది.

"ఏందన్నా ఇది? గీ సీట్ల మా ఇంటామె కూసుంటది," అని బెల్టు పట్టిన వేళ్లు వాసన చూసుకున్నాడు. "ఛీ, గలీజు! ఎన్నడన్న కడిగిన్రా? రెండు దినాల్ల సరిజేయించున్రి, బండి నాది. లేకుంటే మేడ్చల్‌ల ఇంకోటి చూసిపెట్టిన, గది తీస్కపోత."

భాస్కర్ షోరూముకు ఫోన్ చేశాడు. లోపల బెల్టు చుట్టుకునే చుట్ట మొత్తం మార్చాలి, అది రావడానికి పది రోజులు అన్నారు.

"నువ్వేమన్న జూస్తవా పర్వతాలూ? కాకుంటే కాదని చెప్పు, ఆయన్ని వదిలేద్దం."

కాదంటే సరిపోయేది. ఇంట్లో భార్య సరళ కూడా అదే అంది.

"కాదని చెప్పు. కూసున్న కొమ్మ నరుక్కుంటవా?"

"నేను రిపేరు జేస్తలేనే. లోపలి స్ప్రింగు సంగతి నాకేమెరుక? ఉత్తగ కడుగుత. గలీజన్నడు వాడు."

"అంటే అననియ్యి. నీ ఒంటికి అంటిందా?"

"నాలుగేండ్లు నేను కడిగిన బండి అది."

"కడుగు, కడుగు. ఇగ వచ్చే నెల సంది ఇంట్ల బోళ్లు కడుగుదువు."

మర్నాడు పొద్దున పర్వతాలు బెల్టును చివరిదాకా లాగి, పై రింగు దగ్గర బట్టల క్లిప్పు పెట్టాడు. ఆ క్లిప్పు పాతదే. మొదట్లో పద్మమ్మకు మెడ దగ్గర డయాలసిస్ గొట్టం ఉండేది. బెల్టు ఒరుసుకుంటే నొప్పి. అందుకే వదులుగా లాగి ఆ క్లిప్పు పెట్టేవాడు. గొట్టం తీసేశాక కూడా ఆమె క్లిప్పు తీయనివ్వలేదు. "ఉండనియ్యి, ఊపిరాడతాంది" అనేది.

బెల్టు మీది నల్లజిడ్డు ఏమిటో దాని వాసనే చెప్పింది. ఆస్పత్రి ఈసీఐఎల్ వైపు. జవహర్‌నగర్ దగ్గర చెత్తకంపు మొదలైతే అద్దాలెక్కించినా ఆగదు. పద్మమ్మ తలనొప్పి మందు డబ్బా తీసి ముక్కు కింద రాసుకునేది. "నా ఒంట్లె చెత్త తీయించుకోను పోతుంటే గీ చెత్త ఎదురొస్తది సూడు" అని నవ్వేది. ఆ వేళ్లతోనే బెల్టు పట్టుకుని కూర్చునేది, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ. మందు మీద దుమ్ము, దుమ్ము మీద మందు.

గోరువెచ్చని సబ్బునీళ్లతో, పాత బ్రష్షుతో ఒకేవైపుకు తోమాడు. మూడుసార్లు నీళ్లు మార్చినా నల్లబడ్డాయి. రింగులోకి గుడ్డపేలిక దూర్చి అటూ ఇటూ లాగితే మైనంలాంటి పొర ఊడివచ్చింది. చుట్టను ముట్టలేదు. తడివల చుట్టిపెడితే మురుగుతుందని తండ్రి చెప్పిన మాట గుర్తే. తలుపు తెరిచి బెల్టును ఎండకు వదిలాడు.

సాయంత్రం తాకి చూశాడు. ఎండింది. క్లిప్పు తీశాడు. బెల్టు చేతిలోంచి జారి సర్రున లోపలికి పోయింది.

పర్వతాలు మళ్లీ లాగాడు. మళ్లీ పోయింది. చుట్టలో చెడిందేమీ లేదు, ఇన్నాళ్లూ జిడ్డే అడ్డం. డిక్కీలో గ్రీజు డబ్బా ఉంది. రింగుకు వేలెడు రాస్తే చాలు, బెల్టు మళ్లీ పట్టేస్తుంది, రేపు మహేష్ ఉత్తచేతులతో పోతాడు. డిక్కీ తెరిచాడు. డబ్బా వంక కాసేపు చూసి, మూసేశాడు.

"అయిందా?" అన్నాడు భాస్కర్ అరుగు మీంచి.

"అయింది పటేలా."

మహేష్ పొద్దున్నే వచ్చాడు. నాలుగుసార్లు బెల్టు లాగి వదిలాడు.

"ఎవరు జేసిన్రు?"

"మా పర్వతాలే," అన్నాడు భాస్కర్ తాళాలు అతని చేతికిస్తూ.

"మస్తు పనోడున్నడు. నేనైతే సొంతంగ తోలుకుంట గని, లేకుంటే నిన్నే పెట్టుకుందును పెద్దమనిషి. రా, శామీర్‌పేట దాక దింపుత."

పర్వతాలు అలవాటుగా కుడి తలుపు దగ్గరికి నడిచాడు. అక్కడ మహేష్ ఉన్నాడు. చుట్టూ తిరిగొచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. నాలుగేళ్లలో అందులో కూర్చోవడం అదే మొదటిసారి.

"బెల్టు పెట్టుకో, పోలీసోళ్లుంటరు."

పెట్టుకున్నాడు. ఛాతీకి బిగుతుగా పట్టింది. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు.

శామీర్‌పేట చౌరస్తాలో బకిల్ నొక్కాడు. బెల్టు పట్టుకుని క్లిప్పు పెట్టడానికి అలవాటుగా చెయ్యి లేచింది. అప్పటికే అది లోపలికి పోయింది.

"తలుపు జర గట్టిగెయ్యి," అన్నాడు మహేష్.